చెవి మిషన్ కొనబోతున్నారా? మా 28,320 రూపాయలు ఎట్టా పోయాయో చూడండి

ఇంట్లో పెద్దవాళ్లకి చెవి మిషన్ కొనడానికి నెల్లూరు వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి షాపు పేరు చెప్పను.

మా అమ్మకి 68. బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లెటూరు. రెండేళ్లుగా వినికిడి తగ్గింది. 'కారొచ్చింది' అంటే 'చారొచ్చిందా?' అనేది. మేం నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

షాపులో ఆయన అమ్మ వెనక నిలబడి రెండుసార్లు చిటిక వేశాడు. టెస్టు అదే! చెవిలో లైటు వేసి చూసింది కూడా లేదు. 'పెద్దావిడకి ఎప్పట్నుంచి?', 'పెద్దావిడకి రంగు ఏది కావాలి?' అన్నీ నన్నే అడిగాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. నాకూ అప్పుడు తట్టలేదు. మిషన్ 24,000, 18 శాతం జీఎస్టీ 4,320. కట్టేసి వచ్చాం.

నాలుగో రోజుకి మిషన్ కనపడలేదు. వెతికితే బియ్యం డబ్బా వెనక చేతిరుమాలులో మూటకట్టి ఉంది. 'ఏందమ్మా ఇది?' అంటే, 'ఫ్యాను తిరిగితే రైలు పోయినట్టుందిరా. మీ మాటలు మాత్రం అర్థమయ్యి చావవు. అంత డబ్బు పోశావు, ఎట్టా చెప్పేది?' అంది. షాపుకెళ్తే 'అలవాటు కావాలి సార్, నెల పడుతుంది' అన్నాడు. కొత్త మిషన్‌కి చెవి అలవాటు పడాలన్నది నిజమే. కానీ అది సరైన మిషన్ అయితే కదా!

చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఈఎన్‌టీ డాక్టరు ముందు కుడి చెవిలో గడ్డకట్టిన గుబిలి తీశారు. తర్వాత గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, ఏ శబ్దం ఎంత వినపడుతుందో చూసే టెస్టు, ఆడియోగ్రామ్ చేశారు. టెస్టు చేసిన అమ్మాయి అమ్మ ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా నెమ్మదిగా అమ్మతోనే మాట్లాడింది. అమ్మ మొహం వెలిగిపోయింది. సన్నటి, కీచు శబ్దాలే అమ్మకి వినపడటం లేదట. మేం కొన్నది అన్ని శబ్దాలనీ ఒకేలా పెంచే డబ్బా. ఆడియోగ్రామ్‌ని బట్టి ట్యూన్ చేసే రకమే కాదు.

ఇంకో దెబ్బ వినండి. హియరింగ్ ఎయిడ్‌కి అసలు జీఎస్టీయే లేదు. మీ బిల్లులో మిషన్ మీద వేసి ఉంటే అక్కడే నిలదీయండి.

అన్నిటికన్నా మండింది మాత్రం ఇది. 60 దాటిన పేదవాళ్లకి కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చెవి మిషన్, కళ్లద్దాలు, చేతికర్ర ఉచితంగా ఇస్తుంది. ఆ పథకం 2017 ఏప్రిల్‌లో మొదలైంది మన నెల్లూరులోనే! మా ఊళ్లో ఒక్కరికీ తెలీదు. మిషన్లు క్యాంపులు పెట్టి ఇస్తారు, మీ ఊరి సచివాలయంలో అడుగుతూ ఉండండి. వయసు తక్కువైనా సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం వచ్చి, ఆదాయం తక్కువుంటే, దివ్యాంగులకి పరికరాలిచ్చే కేంద్రం వాళ్ల అడిప్ పథకం ఉంది.

కొనాల్సే వస్తే ఆడియోగ్రామ్ కాగితం చేతిలో లేకుండా షాపు మెట్లెక్కొద్దు. ట్రయల్ అడగండి. ఫ్యాను కింద, బయట రోడ్డు మీద పెట్టించి, ఎట్టా ఉందో పెట్టుకున్న మనిషినే అడగండి. బిల్లులో మోడల్, సీరియల్ నంబరు రాయించండి. మా బిల్లులో 'ఇయర్ మిషన్ – 1' అని మాత్రమే ఉంది. డబ్బు వెనక్కివ్వనన్నాడు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. మీలో ఎవరికైనా ఇలాంటి బిల్లే ఇచ్చి ఉంటే పారేయకండి, నాకు చెప్పండి.