డాబా మీది వేడినీళ్లు కింది గదికి చేరేలోపు: పైపు తొడుగు పని ఒక చలికాలం చూశాక

హైదరాబాదులోని మా ఇంటి డాబా మీద 200 లీటర్ల సోలార్ హీటర్ ఉన్నా, డిసెంబరు తెల్లవారుజామున కింది స్నానాల గదిలో వేడినీళ్లు రావాలంటే ముందుగా సగం బకెట్టుకు పైగా చన్నీళ్లు మోరీలో పారబోయవలసి వచ్చేది. అందుకే నవంబరులో ఒక ప్లంబింగ్ సంస్థను పిలిపించి, లైను మార్చి, వేడి త్వరగా పోకుండా పైపులకు తొడుగు వేసే పని అప్పగించాను.

వచ్చిన మేస్త్రీ ముందుగా టేపు పట్టి లైను కొలవడం నాకు నచ్చింది. పాతది అంగుళం సీపీవీసీ పైపు, అంటే వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు. అందులో మీటరుకు సుమారు 430 మిల్లీలీటర్ల నీరు పడుతుంది కనుక, మా 16 మీటర్ల లైనులో దాదాపు 7 లీటర్లు రాత్రంతా నిలిచి చల్లబడుతున్నాయన్నమాట. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు పట్టేది 260 మిల్లీలీటర్లే. పాతదాని బదులు దాన్ని డక్టులోంచి (పైపులు దిగే నిలువు సందులోంచి) దగ్గరి దారిన దించడంతో పొడవు 12 మీటర్లకు తగ్గింది, నిలిచే నీరు 3 లీటర్ల చిల్లరకు దిగింది. పై అంతస్తుకు ట్యాంకు ఎత్తు సరిపోదు, ధార సన్నబడుతుంది కాబట్టి అక్కడ పాత పైపునే ఉంచుదామన్నది కూడా ఆయన మాటే.

తొడుగుగా వేసింది 13 మిల్లీమీటర్ల మందం గల నల్లని నైట్రైల్ రబ్బరు గొట్టం. రాత్రి వేడి తెల్లవారేదాకా నిలుస్తుందని వారి కరపత్రంలో ఉన్న మాట మాత్రం నమ్మదగినది కాదు. తొమ్మిది గంటలు కదలకుండా ఉన్న సన్నని పైపులో నీరు ఎంత మంచి తొడుగు వేసినా చల్లబడక తప్పదు. దాని ప్రయోజనం ఒకరి స్నానానికీ మరొకరి స్నానానికీ మధ్యనే కనిపిస్తుంది. అమ్మ స్నానం ముగిసేటప్పుడు కుళాయి దగ్గర 55 డిగ్రీలున్న నీరు, అరగంట తరువాత పిల్లవాడు తిప్పినప్పుడు మొదటి చెంబులోనే 43 డిగ్రీలు చూపించింది. రోజూ నలుగురు వరుసగా స్నానాలు చేసే ఇంటికి ఇది తక్కువ లాభమేమీ కాదు.

పనితనం దగ్గరికి వస్తే అంత మెచ్చుకోలేను. తిన్నని పైపులకు చక్కగా తొడిగిన కుర్రాళ్లు ఎల్బోలు (మలుపు ముక్కలు), టీలు (మూడు దారుల ముక్కలు), వాల్వులను బోసిగా వదిలేశారు. నిలువు కోతలను గమ్ముతో అతికించకుండా టేపు చుట్టి సరిపెట్టారు. నైట్రైల్ రబ్బరు ఎండకు పగుళ్లు తీస్తుందని తెలిసి కూడా, డాబా మీది భాగానికి అల్యూమినియం రేకు చుట్టడానికి నాలుగుసార్లు ఫోను చేయించుకున్నారు. ఒకతను ట్యాంకు మీది గాలి గొట్టం మూతిని కూడా రబ్బరుతో బిగించబోతుంటే, ఆవిరి పోయే దారి అదేనని చెప్పి ఆపవలసి వచ్చింది. అయితే ట్యాంకు నుంచి వచ్చే మొదటి రెండు మీటర్లకు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపునే వాడారు. సీపీవీసీకి పరిమితి 82 డిగ్రీలు, మే నెలలో వాడకం లేని రోజున ట్యాంకులోని నీరు ఆ వేడిని దాటవచ్చు కాబట్టి అది సరైన పనే.

మొత్తం 9,400 రూపాయలైంది. రేకు వేశాక సామగ్రి విషయంలో ఫిర్యాదు లేదు. మీరు పిలిచేటట్లయితే ఎల్బోలకు, టీలకు తొడుగు, ఎండ తగిలే చోట రేకు ఉంటాయని కొటేషన్‌లో ముందే రాయించుకోండి. స్నానాల గది గోడలో పూడిన మీటరున్నర పైపు మాత్రం ఇంకా బోసిగానే ఉంది. దానికి టైల్స్ పగలగొట్టాలన్నారు, నేను వద్దన్నాను.