ఎంపాత్ ఎంట్రీ కనిపించనప్పుడు: రీస్కాన్, రీకాన్ఫిగర్, లిప్, రీబూట్ – ఏది మేలు?

కొత్త లన్ (స్టోరేజీ పెట్టె, అంటే అరే, సర్వర్‌కు ఇచ్చే డిస్కు) మ్యాప్ చేశామని స్టోరేజీ వాళ్లు చెప్పారు. సర్వర్‌లో "మల్టీపాత్ -ఎల్ఎల్" కొడితే దాని ఎంపాత్ ఎంట్రీ, అంటే ఆ లన్‌కు వెళ్లే పలు దారులను (పాత్‌లను) ఒక్క డిస్కుగా కలిపే మ్యాప్, జాడే లేదు. ఇక్కడ చాలామంది చేయి నేరుగా రీబూట్ మీదికి పోతుంది. లినక్స్‌లో దానికి ముందు మూడు దారులున్నాయి: స్కజీ రీస్కాన్ (డిస్కులను మళ్లీ వెతికించడం), మల్టీపాత్‌డీ రీకాన్ఫిగర్ (మ్యాప్‌లు కట్టే డీమన్, అంటే వెనకాల నడిచే ప్రోగ్రామ్, చేత సెట్టింగులు మళ్లీ చదివించడం), ఫైబర్ పోర్టు మీద లిప్ (లింకును మళ్లీ మొదలెట్టించడం). నాలుగూ వేర్వేరు జబ్బులకు మందులు. కాబట్టి ఎంట్రీ ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో ముందు తేల్చుకోవాలి.

దానికి "ఎల్ఎస్‌స్కజీ" చాలు. సర్వర్‌లో 2 హెచ్‌బీఏ (ఫైబర్ ఛానెల్ కార్డు) పోర్టులుండి, ఒక్కోదాని నుంచి 2 అరే కంట్రోలర్ పోర్టులకు జోనింగ్ (స్విచ్‌లో ఇచ్చే అనుమతి) ఉంటే, ఒక్క లన్‌కు 4 ఎస్‌డీ డిస్కులు (పాత్‌కు ఒకటి) రావాలి. ఒక్కటీ లేకపోతే లోపం కింది మెట్టులో ఉంది. అప్పుడు మల్టీపాత్‌డీని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఫలితం ఉండదు. నాలుగూ ఉండి మ్యాప్ మాత్రమే లేకపోతే లోపం పై మెట్టులో ఉంది. అక్కడ రీస్కాన్‌తో పని లేదు.

ఎస్‌డీలే లేనప్పుడు: రీస్కాన్

నా ఓటు ముందు దీనికే. సంబంధిత హోస్ట్ (హెచ్‌బీఏ పోర్టు) స్కాన్ ఫైల్‌లోకి మూడు డ్యాష్‌లు, మధ్యలో ఖాళీలతో, ఎకో చేస్తే ఆ హోస్ట్ కింద అన్ని ఛానెళ్లు, టార్గెట్లు, లన్‌లు వెతుకుతుంది. లన్ నంబరు 7 అని, టార్గెట్ 1 అని తెలిసి ఉంటే డ్యాష్‌ల బదులు "0 1 7" ఇవ్వండి, ఆ ఒక్కదాన్నే చూస్తుంది. నడుస్తున్న ఐఓకు (డిస్కు చదవడం, రాయడం) మామూలుగా ఆటంకం ఉండదు. మెమరీ బాగా బిగుసుకుపోయిన సర్వర్‌లో మాత్రం ఆ ఒత్తిడి తగ్గేదాకా ఆగండి.

ఎస్‌జీ3 యుటిల్స్‌లోని రీస్కాన్ స్క్రిప్టు కూడా ఇదే పని చేస్తుంది. కానీ దానికి "-ఆర్" తగిలిస్తే స్పందించని డిస్కులను తీసేస్తుంది. కేబుల్ లాగి మళ్లీ పెడుతున్న సమయంలో అది నడిపితే కాసేపు పడుకున్న పాత్‌లు కూడా పోతాయి. కొత్త లన్ కోసం "-ఆర్" అవసరమే లేదు.

స్కాన్ చేసినా రాలేదా? ఎఫ్‌సీ హోస్ట్ కింద పోర్ట్ స్టేట్ ఆన్‌లైన్‌లో ఉందా చూడండి. తర్వాత ఎఫ్‌సీ రిమోట్ పోర్ట్స్‌లో అరే పోర్టు డబ్ల్యూడబ్ల్యూపీఎన్ (పోర్టు గుర్తింపు సంఖ్య) వెతకండి. అది ఆన్‌లైన్‌లో కనిపిస్తే జోనింగ్ బాగానే ఉన్నట్టు, అనుమానించాల్సింది లన్ మాస్కింగ్‌ను (ఏ లన్ ఏ సర్వర్‌కు కనిపించాలో అరేలో పెట్టే హద్దు). అసలు కనిపించకపోతే జోనింగ్ గానీ కేబుల్ గానీ. ఈ ఒక్క ముక్క స్టోరేజీ వాళ్లకు పంపితే మీ రెండు బృందాల మధ్య గంటల కొద్దీ మెయిళ్లు తప్పుతాయి.

ఎస్‌డీలు ఉండి మ్యాప్ లేనప్పుడు: రీకాన్ఫిగర్

"మల్టీపాత్‌డీ షో పాత్స్" కొట్టండి. 3:0:1:7, ఎస్‌డీకే, 8:160 అన్న వరుసలో చివరి గడిలో "ఆర్ఫన్" అని ఉంటే, ఆ పాత్ డీమన్‌కు తెలుసు గానీ ఏ మ్యాప్‌లోనూ చేరలేదని అర్థం. ఎందుకు చేరలేదో "మల్టీపాత్ -వీ3" చెబుతుంది. బ్లాక్‌లిస్టెడ్ అని వస్తే మల్టీపాత్ కాన్ఫ్‌లోని బ్లాక్‌లిస్ట్ సరిచేసి రీకాన్ఫిగర్ చేస్తే సరిపోతుంది. కొత్త వెర్షన్లలో ఉత్త రీకాన్ఫిగర్ మారిన మ్యాప్‌లనే ముట్టుకుంటుంది, అన్నిటినీ మళ్లీ లోడ్ చేయాలంటే "రీకాన్ఫిగర్ ఆల్" అనాలి.

ఎక్కువగా పట్టుకునే గొళ్లెం మల్టీపాత్ కాన్ఫ్‌లోని ఫైండ్ మల్టీపాత్స్ సెట్టింగు. విలువ "యస్" అయితే ఒకే డబ్ల్యూడబ్ల్యూఐడీతో (లన్ ప్రత్యేక గుర్తింపు) కనీసం 2 పాత్‌లు కనిపించాలి, లేదా ఆ ఐడీ ముందే డబ్ల్యూడబ్ల్యూఐడీస్ ఫైల్‌లో ఉండాలి. "స్ట్రిక్ట్" అయితే ఫైల్‌లో ఉంటేనే మ్యాప్ కడుతుంది. అప్పుడు నాలుగు పాత్‌లున్నా కొత్త లన్‌కు ఎంపాత్ రాదు. "మల్టీపాత్ -ఏ"తో ఒక ఎస్‌డీ పేరిచ్చి ఐడీని ఫైల్‌లో చేర్చి, తర్వాత రీకాన్ఫిగర్ చేయండి. కానీ "యస్" ఉండి ఒక్క పాతే కనిపిస్తుంటే ఇలా బలవంతంగా మ్యాప్ కట్టకండి. మిగతా పాత్‌లు రాకపోవడమే అక్కడ అసలు లోపం. దాన్ని కప్పిపెడితే ఆ ఒక్క కేబుల్ పోయిన రోజు డిస్కు మొత్తం పోతుంది.

వీఎంవేర్ గెస్ట్‌లో వర్చువల్ డిస్కుకు డిస్క్ ఎనేబుల్ యూయూఐడీ ఆన్ చేయకపోతే డబ్ల్యూడబ్ల్యూఐడీయే రాదు. మ్యాప్ కూడా రాదు.

ఇంకో జాగ్రత్త: రిఫ్రెష్ అవుతుందని "మల్టీపాత్ -ఎఫ్" పెద్ద అక్షరంతో కొట్టకండి. వాడుకలో లేని మ్యాప్‌లన్నీ ఎగిరిపోతాయి.

లిప్

ఎఫ్‌సీ హోస్ట్ కింద ఇష్యూ లిప్ ఫైల్‌లోకి 1 పంపితే ఆ పోర్టు లింకు మళ్లీ మొదలవుతుంది. ఫ్యాబ్రిక్‌లో (ఫైబర్ స్విచ్‌ల నెట్‌వర్క్‌లో) మార్పు జరిగినా హెచ్‌బీఏ పసిగట్టలేదని తేలినప్పుడే దీని అవసరం. రీస్కాన్ కంటే బలమైనది, కానీ ఆ పోర్టు మీది ఐఓ కాసేపు ఆగుతుంది. రెండో హెచ్‌బీఏ పాత్‌లన్నీ "యాక్టివ్ రెడీ" అని చూసుకున్నాకే, ఒక్కో పోర్టుకు విడిగా ఇవ్వండి. ఆదేశం వెంటనే తిరిగొస్తుంది, పని మాత్రం వెనకాల సాగుతూనే ఉంటుంది. మొదటి పోర్టు పాత్‌లు తిరిగి వచ్చేదాకా రెండోదాన్ని ముట్టుకోవద్దు. ఉన్న ఒక్క పోర్టు మీదే లిప్ ఇస్తే, క్యూ ఇఫ్ నో పాత్ (పాత్‌లు లేనప్పుడు ఐఓను ఆపి ఉంచే సెట్టింగు) లేని చోట ఎర్రర్లు నేరుగా ఫైల్‌సిస్టమ్‌కు చేరవచ్చు.

రీబూట్ ఎప్పుడు?

ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్‌లుగా పంచే లినక్స్ పొర) ముందే ఎస్‌డీని పట్టేసుకుంటే మ్యాప్ కట్టలేదు. "పీవీఎస్"లో ఎంపాత్ బదులు ఎస్‌డీ పేరు కనిపిస్తుంది. డేటా డిస్కయితే అన్‌మౌంట్ చేసి "వీజీచేంజ్ -ఏఎన్"తో వదిలించవచ్చు. రూట్ డిస్కయితే రీబూటే మార్గం, దానికి ముందు "డ్రాకట్ -ఎఫ్"తో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్‌సిస్టమ్) మళ్లీ కట్టాలి. కట్టకుండా బూట్ చేస్తే పాత కాన్ఫిగరేషనే పైకొస్తుంది, ఎంపాత్ మళ్లీ మాయం.

రీబూట్‌కు చాలాసార్లు కారణం పాత లన్‌ను సరిగా తీయకపోవడమే. ఫైల్‌సిస్టమ్ అన్‌మౌంట్, వీజీ (ఎల్‌వీఎం వాల్యూమ్ గ్రూపు) ఆపడం, చిన్న ఎఫ్‌తో ఆ ఒక్క మ్యాప్ ఫ్లష్, ప్రతి ఎస్‌డీకీ డివైస్ కింది డిలీట్ ఫైల్‌లోకి 1, ఆ తర్వాతే స్టోరేజీ వైపు అన్‌మ్యాప్. ఈ వరుస తప్పి అదే లన్ నంబరు వేరే డిస్కుకు ఇస్తే పాత ఎస్‌డీ అక్కడే కూర్చుని ఉంటుంది, కొత్తది కొత్తదిగా కనిపించదు. పాత పేరుతో వేరే డిస్కు మీద రాసే ప్రమాదమూ ఉంది. అందుకే రీస్కాన్ చేసిన వెంటనే డబ్ల్యూడబ్ల్యూఐడీని అరే చూపే ఐడీతో అక్షరం అక్షరం పోల్చండి.

లినక్స్ కాని చోట్లా ఇదే తర్కం. హెచ్‌పీ-యూఎక్స్ 11ఐ వీ3లో ఐఓస్కాన్‌లో "క్లెయిమ్డ్" ఉండి డివైస్ ఫైల్ లేకపోతే "ఇన్‌ఎస్ఎఫ్ -ఈ" చాలు. "నో హెచ్‌డబ్ల్యూ" ఉంటే ఫైల్ సృష్టించి లాభం లేదు, పాత్ తెగింది. ఏఐఎక్స్‌లో "సీఎఫ్‌జీఎంజీఆర్" నడిపి "ఎల్ఎస్‌పాత్" చూడాలి. సోలారిస్‌లో "సీఎఫ్‌జీఏడీఎం -ఏఎల్", ఆపై "డెవ్‌ఎఫ్ఎస్ఏడీఎం". మూడింటిలోనూ హార్డ్‌వేర్ కనిపిస్తోందా అన్నదే ముందు, డివైస్ ఫైల్ తర్వాత.