ఎంసెట్ ఆప్షన్లు: నల్లగొండ గడియారం సెంటర్ కాడ మా మూడు పూటలు

నేను ఆర్టీసీల కండక్టర్‌ను, దేవరకొండ డిపో. మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదికెళ్లి హైదరాబాద్ పోయే బండి మీద ఎక్కువ చేసిన. పోయినేడు, 2025ల, మా పెద్దబిడ్డకు ఎంసెట్‌ల 27,412 ర్యాంకు వచ్చింది. 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయింది గని మేమింక ఎంసెట్ అనే అంటం. ఇంటర్ల 962 వచ్చినయి, మంచి కాలేజే వస్తదని చుట్టాలంత అన్నరు. ఇంటర్ మార్కుల వెయిటేజీ 2023లనే తీసేసిండ్రని నాకూ తెల్వదు. ర్యాంకంటే ఎంసెట్ మార్కులే. ర్యాంకు వచ్చినంక ఏ కాలేజీల ఏ బ్రాంచి కావాలో కౌన్సెలింగ్ సైటుల వరుసగ పెట్టాలె, వాటినే ఆప్షన్లు అంటరు.

నల్లగొండకు పోకముందు ఒక తప్పు చేసిన. హైదరాబాద్‌ల ఒక కన్సల్టెన్సీకి ఆరు వేలు కట్టిన. వాళ్లు 15 కాలేజీల లిస్టు ఇచ్చిండ్రు. ఇంటికొచ్చి చూస్తె అండ్ల తొమ్మిది ఒకే యాజమాన్యానివి. మా బిడ్డ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) అన్నది, లిస్టు నిండ సీఎస్‌ఈ (కంప్యూటర్) ఉన్నది. పైంగ, ‘పాస్‌వర్డ్, ఓటీపీ మాకు చెప్పుండ్రి, ఆప్షన్లు మేమే పెడ్తం’ అన్నరు. ఆ మాటకు నాకు భయమైంది. ఇయ్యలేదు. ఆరు వేలు తిరిగి రాలె.

మా తోటి డ్రైవరన్న చెప్తె నల్లగొండ పోయినం. గడియారం సెంటర్ కాడ మెట్లెక్కి పోయే చిన్న నెట్ సెంటర్. అండ్ల జూనియర్ కాలేజీల లెక్కలు చెప్పి రిటైరైన సారొకరు ఎండకాలం అయినంక కౌన్సెలింగ్ రోజులల్ల కూసుంటరు. పేరు, నంబరు రాయొద్దన్నరు, అందుకే రాస్తలేను. తీసుకున్నది ఐదు వందలు. మూడు పూటలు కూసోబెట్టుకున్నరు.

మొదటి పూట కంప్యూటర్ ముట్టనేలేదు. పొడుగు నోటుబుక్కు తీసి పేజీని మూడు భాగాలు చేసిండ్రు. పైన ‘ఆశ’, నడిమిట్ల ‘సరి’, కింద ‘భరోసా’ అని రాసిండ్రు. కౌన్సెలింగ్ సైటుల పాత ఏండ్ల లాస్ట్ ర్యాంకులు, అంటె ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో ఆ అంకెలు, ఉంటయి. కాలేజీవారీగ, బ్రాంచివారీగ, కులం కేటగిరీవారీగ, మగపిల్లలకు వేరే, ఆడపిల్లలకు వేరే. అండ్ల మా బిడ్డ గడి, బీసీ-డి ఆడపిల్లలది, స్కేలు పెట్టి చూపిచ్చిండ్రు. ‘పక్క గడి చూస్తె మోసపోతవు బిడ్డా’ అన్నరు. ప్రతి కేటగిరీల మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు ఉంటయి కాబట్టి ఒకే కాలేజీల ఒకే బ్రాంచిల రెండు గళ్లకు నడుమ వేల ర్యాంకుల తేడా ఉండొచ్చు.

నాకు మస్తు అక్కరకొచ్చిన ముచ్చట ఇంకోటి చెప్పిండ్రు. మొదటి విడతల ఆఖరి ర్యాంకు వేరు, చివరి విడతల ఆఖరి ర్యాంకు వేరు. ఐఐటీ, ఎన్ఐటీలల్ల సీటొచ్చినోళ్లు వెళ్లిపోయినంక ఇక్కడ సీట్లు ఖాళీ అయితయి, ర్యాంకు కిందికి జారుతది. ఆ చివరి అంకె చూసుకొని ‘మాకు ఖాయం’ అనుకున్నోళ్లే మొదటి విడతల సీటు రాక ఏడుస్తరట. అందుకే భరోసా కింద రాసేటియి మొదటి విడత లెక్కల, రెండేండ్లు వరుసగ, మా ర్యాంకు దాటినంక కనీసం పది వేలు దూరంల ఆగినవే ఉండాలన్నరు. ఒక్క ఏడాదిది ఎందుకు నమ్మొద్దంటే, కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి సీఎస్‌ఈల ఏఐ, డేటా సైన్స్ అని పెంచుకుంటున్నయి. సీట్లు మారితె ర్యాంకూ మారుతది.

రెండో పూట పేజీ నింపినం. ఆశల షేక్‌పేట జి.నారాయణమ్మ కాలేజీ ఈసీఈ మొదలుపెట్టి ఎనిమిది. భరోసాల మన నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఈసీఈ, ఈఈఈ (ఎలక్ట్రికల్) కూడ ఉన్నయి. యూనివర్సిటీ పేరు కింద రాసుడు చూసి నాకు కొంచెం బాధైంది గని, సారు ‘ఇది కింద ఉన్నదంటే తక్కువదని కాదమ్మా, నీ బిడ్డ ర్యాంకుకు నిలబడే చోటు’ అన్నరు. మొత్తం 58 ఆప్షన్లు అయినయి. ఆశలు పైన పెడ్తె కిందియి పోతయేమో అని అడిగిన. పోవట. ర్యాంకు వరుసల మన వంతు వచ్చినప్పుడు మన లిస్టుల పైనుంచి చూసుకుంట, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తరు. అందుకే ఎన్ని పెట్టినా నష్టం లేదు గని, వస్తే పోనిది ఒక్కటి కూడ పెట్టొద్దు. ప్రతి వరుస కాడ బిడ్డను అడిగిండ్రు: ‘ఇదే వస్తె పోతవా?’ తలకాయ అడ్డం ఊపినయన్ని కొట్టేసిండ్రు.

ఫీజు గడి కూడ చూపిచ్చిండ్రు. బీసీలకు రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి ఊర్లల్ల లక్షన్నర, పట్నంల రెండు లక్షలు. నా జీతం దాటుతది. మొత్తం ఫీజు మాదే. ఏడాదికి లక్ష దాటేటియి కొన్ని ఆ పూటనే వదులుకున్నం.

నేను చేసింది ఒక్కటే, బస్సుల లెక్క చెప్పిన. ఘట్‌కేసర్ దిక్కు కాలేజీ అంటె దేవరకొండ నుంచి హైదరాబాద్ దిగి ఇంకో బస్సెక్కాలె. ఇబ్రహీంపట్నం దిక్కుదైతె మా రోడ్డు మీదనే, ఆధార్ కార్డు చూపిస్తె ఆడోళ్ల ఫ్రీ బస్సు పథకం మహాలక్ష్మిల జీరో టికెట్. హాస్టల్ల పెట్టినా ఆదివారం ఆదివారం వచ్చి పోవచ్చు. సారు ఆ మాట పట్టుకొని ఐదారు వరుసలు మార్చిండ్రు. చదువు సంగతి చెప్పేటాయన తల్లి మాటకు కూడ విలువిచ్చుడు నాకు నచ్చింది.

మూడో పూట సైటుల ఎక్కిచ్చినం. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు సారు కుర్చీ అటు తిప్పుకున్నరు. ఓటీపీ నా ఫోన్‌కొస్తె ‘నాకు చెప్పకు, బిడ్డకు చూపియ్యి’ అన్నరు. ఇంతకుముందు జరిగింది గుర్తుకొచ్చి నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

పోయినేడు మొదటిసారి మాక్ అలాట్‌మెంట్ పెట్టిండ్రు, అంటె అసలు సీటు ఇయ్యకముందు ఏది రావచ్చో చూపిచ్చే నమూనా. మాక్‌ల మాకు ఘట్‌కేసర్ దిక్కు ఒక కాలేజీల సైబర్ సెక్యూరిటీ చూపిచ్చింది. చుట్టాలు చెప్తె పైన పెట్టిన సీటు అది. బిడ్డ ఏం మాట్లాడలె. ఆ మౌనమే సరిపోయింది. ఆప్షన్లు ఫ్రీజ్ చేయకముందే, అంటె ఇంక మార్చరాకుండ చేయకముందే, దాన్ని కిందికి దించి, సరి భాగంల ఉన్న ఇబ్రహీంపట్నం కాలేజీ ఈసీఈని పైకెక్కిచ్చినం. అలాట్‌మెంట్ల అదే వచ్చింది. రెండో విడతకు పోదామా అంటె, కొత్త సీటొస్తె పాతది దానంతట అదే పోతదని సారు చెప్పిండ్రు. ఆగిపోయినం.

లోట్లు కూడ రాయాలె. టోకెన్ లేదు, ముందొచ్చినోళ్లు ముందు. ఫ్రీజ్ చేసే ఆఖరి రోజు మెట్ల మీద దాక జనం, ఆడోళ్లకు కూసునే జాగ లేదు. మూడు గంటలు నిలబడ్డ. రెండు కంప్యూటర్లల్ల ఒకటి మాటిమాటికి ఆగుతది. కాలేజీలల్ల ల్యాబులు ఎట్లున్నయి, ఉద్యోగాలు ఎట్లొస్తున్నయి అని అడిగితె సారు చెప్పరు, ‘పోయి చూసి రాండ్రి’ అంటరు. మేము డ్యూటీ లేని రోజు మూడు కాలేజీలు తిరిగొచ్చినం.

పోయేటోళ్లు ర్యాంకు కార్డు, కులం సర్టిఫికెట్, ఇన్‌కం సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్‌ల ఇచ్చిన నంబరున్న ఫోను పట్టుకపోండ్రి. బిడ్డనో కొడుకునో తప్పకుండ ఎంబడి తీసుకపోండ్రి, తల్లిదండ్రులు ఒక్కళ్లే పోతె సారు నోటుబుక్కు తెరవరు. ఆదివారం మూసుంటది. పొద్దుగాల తొమ్మిదికి పోతె తొందరగ అయితది.