నల్లగొండ నుంచి డ్రిఫ్ట్ ట్రాక్‌కు: అద్దంకి దారిలో పోయి కడప దారిలో వచ్చాం

డ్రిఫ్ట్ అంటే మలుపుల్లో కారును కావాలని అడ్డంగా జార్చే పోటీ. దానికి కారు నడుపుకుంటూ పోతారని చాలామంది అనుకుంటారు. మా పాత కాంటెస్సాతో అది కుదరదు. మలుపులో వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌కు వెల్డింగ్ కొట్టించాం కాబట్టి వెనక చక్రాలు రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. ట్రాక్ మీద బండి అడ్డంగా జారాలంటే అదే కావాలి. పెట్రోల్ బంకులో మలుపు తిప్పితే మాత్రం టైర్లు కుయ్యోమంటాయి, అందరూ తిరిగి చూస్తారు. అందుకే కారు డీసీఎంలో, మేమంతా వెనకాల బొలెరోలో.

పోవాల్సింది చెన్నైకి పడమర, శ్రీపెరుంబుదూరు పక్కనే ఉన్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు. పోయేటప్పుడు మిర్యాలగూడ, అద్దంకి మీదుగా పోయాం. వచ్చేటప్పుడు మా మెకానిక్‌ను జడ్చర్లలో దింపాలి కాబట్టి చిత్తూరు, కడప, కర్నూలు దారి పట్టాం.

మిర్యాలగూడలో ఆగకుండా పోవద్దు. లోడు ఎక్కించాక మొదటి 40 కిలోమీటర్లలో కారు కుదురుకుంటుంది, దాన్ని కట్టిన బెల్టులు వదులవుతాయి. మేం కారు ఛాసిస్‌కు, అంటే కింది ఫ్రేమ్‌కు బెల్టులు బిగిస్తుంటే డీసీఎం డ్రైవర్ నవ్వాడు. "అన్నా, ఆడ కాదు, చక్రాలకు కట్టుండ్రి. స్ప్రింగులు ఊగినప్పుడల్లా బెల్టు లూజైతది" అన్నాడు. అతను చెప్పినట్టే కట్టాం, చెన్నై దాకా మళ్లీ ముట్టుకోలేదు. రైస్ మిల్లుల ఊరు కదా, లారీ సామాను, వెల్డింగ్, గాలి మిషన్ అన్నీ దొరుకుతాయి. దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు, ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉండటంతో లారీలు ఎక్కువ. వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు చూడదగ్గదే, కాకపోతే మా డ్రైవర్‌కు ఓపిక లేదు. మేదరమెట్ల దగ్గర జాతీయ రహదారి ఎక్కాక చెప్పడానికేం లేదు. ఒంగోలు, నెల్లూరు, తడ, వరసగా టోల్ గేట్లు. నెల్లూరులో చేపల పులుసు తిన్నాం. చింతపులుపు మా ఇళ్లలో కంటే ఎక్కువే, అయినా రెండోసారి అన్నం పెట్టించుకున్నాం. చెన్నై ఊళ్లోకి పోకుండా ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని నజరత్‌పేట దగ్గర దిగితే ట్రాక్ ఎంతో దూరం ఉండదు.

అసలు తలనొప్పి బస దగ్గర వచ్చింది. అది సిప్‌కాట్ ఏరియా, అంటే తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామికవాడ, హ్యుందాయ్ ఫ్యాక్టరీ కూడా అక్కడే. కంపెనీ పనుల మీద వచ్చేవాళ్లతో మంచి లాడ్జీలు నిండిపోతాయి. మేం ఫొటోలు చూసి బుక్ చేసిన హోటల్‌లో రూములు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్లు కూడా వచ్చాయి. కానీ 'పార్కింగ్ ఉంది' అన్నది సెల్లార్ గురించి. డీసీఎం అందులోకి తల కూడా పెట్టలేదు. రోడ్డు పక్కన పెట్టుకోమన్నారు. ఆ రాత్రి స్పేర్ టైర్లకు కాపలాగా ఇద్దరు క్యాబిన్‌లోనే పడుకున్నారు. తెల్లారి వే బ్రిడ్జ్ పక్కన లారీవాళ్లు దిగే లాడ్జికి మారాం. ఏసీ రాత్రంతా మూలిగింది, దిండ్లు పలచన. కానీ పెద్ద గేటు, నల్లా, ఫ్లడ్ లైటు, నిద్రపోని వాచ్‌మన్ ఉన్నారు. అర్ధరాత్రి జాకీ ఎత్తి బ్రేక్ ప్యాడ్లు మార్చినా ఎవరూ ఏమీ అనలేదు. పోటీలకు పోయే టీమ్‌లు రూమ్ ఫొటోలు తర్వాత చూసుకోండి, ముందు ఫోన్ చేసి గేటు ఎత్తెంతో అడగండి.

ట్రాక్ 1990లో మొదలైంది, ల్యాప్ పొడవు 3.7 కిలోమీటర్లు. డ్రిఫ్ట్‌కు అందులో కొంత భాగమే వాడతారు. పోటీకి ముందు బండిని పరీక్షించే స్క్రూటినీలో రోల్ కేజ్ (బండి పల్టీ కొట్టినా డ్రైవర్‌ను కాపాడే లోపలి ఇనుప పైపుల చట్రం), హెల్మెట్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చూసి స్టిక్కర్ అంటిస్తారు. ముందు ఒక్కొక్కరే తిప్పాలి. లైన్ (బండి పోయే దారి), యాంగిల్ (ఎంత అడ్డంగా తిరిగింది), స్టయిల్ చూసి మార్కులు వేస్తారు. తర్వాత ఇద్దరిద్దరి బ్యాటిల్: ముందు బండి గీసిన లైన్‌ను వెనక బండి అంటిపెట్టుకుని పోవాలి. 1.8 లీటర్ ఇసుజు ఇంజిన్‌తో మాకు పవర్ తక్కువ. అందుకని వెనక సన్నటి గట్టి టైర్లు వేసి గాలి ఎక్కువ కొడతాం, అప్పుడే పట్టు తప్పుతాయి. ఒక్క రన్ అయ్యేసరికి రబ్బరు నల్లటి పోగులుగా లేచి ఫెండర్ లోపల అతుక్కుంటుంది, లోపలి తీగలు మెరుస్తాయి, చెయ్యి పెడితే కాలుతుంది. మొదటి బ్యాటిల్‌లోనే మేం ఔట్. అవతలిది బీఎండబ్ల్యూ, ఏం చేస్తాం!

తిరుగుదారిలో రాయచోటి దాటాక గువ్వలచెరువు ఘాట్ ఉంది. దిగేటప్పుడు డీసీఎం రెండో గేర్‌లోనే ఉండాలి. బ్రేకులు వేడెక్కితే కష్టం. ఘాట్ పక్కన అమ్మే పాలకోవా మాత్రం వదలొద్దు. చేత్తో విరిస్తే పలుకులు పలుకులుగా వస్తుంది, చక్కెర ముందుకొచ్చి మింగేయదు. కడపలో కారం దోశె తిని, నంద్యాల మీదుగా కర్నూలు చేరాం. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక అందరి ఫోన్లూ మోగడం మొదలైంది, ఇంట్లోవాళ్లకు పాలకోవా సంగతి ఎట్లా తెలిసిందో.

లోడుతో అయితే నా ఓటు అద్దంకి దారికే. ఘాట్ లేదు, లారీ ఆపుకునే జాగాలు ఎక్కువ. కారులో కుటుంబంతో పోయేవాళ్లకు కడప దారి బాగుంటుంది, తిండికోసమైనా.

జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా నల్లగొండ వచ్చాం. కల్వకుర్తిలో టీ తాగుతుంటే ఒక పెద్దాయన డీసీఎంలోకి తొంగి చూశాడు.

"ఏం బిడ్డా, గెలిచిండ్రా?"

"లేదు పెద్దనాయనా, మొదట్లనే ఓడిపోయినం."

"మరి గిన్ని టైర్లు ఎట్ల అరిగినయ్?"

మా డ్రైవర్ గ్లాసు పెట్టేసి బండి స్టార్ట్ చేశాడు.