రొయ్యల చెరువుల లెక్కల్లో సెట్‌ఐఎస్ఓడేట్

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల కోసం మేత, శాంప్లింగ్ లెక్కల ప్రోగ్రామ్‌లు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తుంటాను. వన్నామీ రకం రొయ్యల చెరువులో వారం వారం వల విసిరి కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చూస్తారు కాబట్టి రిపోర్టులన్నీ వారం నంబరు మీదే నడుస్తాయి. సంవత్సరం, వారం, రోజు ఇస్తే తేదీ పెట్టేసే పీహెచ్‌పీ ఫంక్షన్ సెట్‌ఐఎస్ఓడేట్‌ను అందుకే ఏళ్లుగా వాడుతున్నాను. రోజు ఇవ్వకపోతే సోమవారం తీసుకుంటుంది. లీపు సంవత్సరాల గొడవ మనకు ఉండదు. ఆ పని వరకు దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

జాగ్రత్త పడాల్సింది సంవత్సరం దగ్గర. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిలో జనవరి 4 ఏ వారంలో ఉంటే అదే మొదటి వారం. 2024 డిసెంబర్ 30 సోమవారం 2025 మొదటి వారంలోకి వస్తుంది. మా దగ్గరికి బాగుచేయడానికి వచ్చిన ఒక పాత ప్రోగ్రామ్‌లో వారం నంబరు పక్కన మామూలు క్యాలెండర్ సంవత్సరం, అంటే తేదీ ఫార్మాట్‌లో పెద్ద ‘వై’ అక్షరం ఇచ్చేది, దాచారు. దాంతో ఆ వారం మేతంతా 2024 జనవరి 1 కింద పడింది. రైతుకు అది డబ్బు లెక్క! అక్కడ ఉండాల్సింది ఆ వారం ఏ ఐఎస్ఓ సంవత్సరానిదో చెప్పే చిన్న ‘ఓ’.

నాకు నిజంగా నచ్చనిది ఇంకోటి. 2025లో 52 వారాలే. 53 ఇస్తే సెట్‌ఐఎస్ఓడేట్ ఎర్రర్ ఇవ్వదు, చప్పుడు చేయకుండా 2025 డిసెంబర్ 29కి వెళ్లిపోతుంది. మరో ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3.8లో వచ్చిన ఇలాంటి ఫంక్షన్ ఫ్రమ్‌ఐసోక్యాలెండర్ అయితే అలాంటి వారం లేదని ఆపేస్తుంది, అదే సరైన పద్ధతి. పీహెచ్‌పీలో ఆ తనిఖీ మనమే రాసుకోవాలి: డిసెంబర్ 28 ఎప్పుడూ ఆఖరి వారంలోనే ఉంటుంది కాబట్టి దాని వారం నంబరు అడిగితే సరి. 2026కి 53 వస్తుంది.

మన గోడ క్యాలెండర్‌లో వారం ఆదివారంతో మొదలవుతుంది, ఐఎస్ఓలో ఆదివారం ఏడో రోజు. రైతులు ఆదివారం నుంచే వారం కావాలంటే రోజు సున్నా ఇవ్వండి, ముందు ఆదివారం వస్తుంది.

టైమ్‌జోన్ కూడా చూసుకోండి. చెరువు పట్టుబడి తెల్లవారుజామునే జరుగుతుంది. సర్వర్ యూటీసీలో (మన సమయం కన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే సోమవారం ఉదయం అయిదున్నరలోపు ఎంట్రీలు ఆదివారం కింద, అంటే పోయిన వారంలో పడతాయి. మన దేశపు టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా పెట్టాకే వారం నంబరు తీయండి.