పదకొండేళ్లుగా నడుపుతున్న పద్మిని: బండి మంచిదే, అమ్మినవాడు చేసిందే మోసం

2014 ఫిబ్రవరిలో బెజవాడలో ఒక బ్రోకర్ షెడ్డులో ఈ ప్రీమియర్ పద్మిని కొన్నాను. లక్షా ముప్పై వేలు ఇచ్చాను. అప్పటి నుంచి నలభై వేల కిలోమీటర్లకు పైగా తిప్పాను. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ముందు ఇప్పటికీ ఉంది, ఆదివారం ఆదివారం బయటికి తీస్తాను. బండి ఎలా ఉందని అడిగేవాళ్లకి ముందు కొన్న కథ చెప్పకుండా జవాబు చెప్పలేను. ఎందుకంటే మొదటి రెండేళ్లు నేను నడిపింది బండిని కాదు, ఆ బ్రోకర్ దాచిపెట్టినవాటిని ఒక్కొక్కటే బయటికి తీసుకుంటూ వచ్చాను.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర ఇరవై రెండేళ్లు కారు డ్రైవరుగా చేశారు. షావుకారుగారిది ఫియట్. చిన్నప్పుడు దాన్ని తుడిచే పని నాది. నాన్న స్టీరింగ్ పక్కన గేరు మారుస్తుంటే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఉద్యోగంలో కాస్త కుదురుకున్నాక అలాంటి బండే ఒకటి కొని, నాన్నను పక్క సీట్లో కూర్చోబెట్టి తిప్పాలని కోరిక. ముందే తెలిస్తే సంబరం పోతుందని ఆయనకు చెప్పకుండా వెళ్లాను. ఇంట్లో ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టిన మనిషిని పెట్టుకుని, ఆయన్ని వెంట తీసుకెళ్లకపోవడం నేను చేసిన పెద్ద తప్పు.

షెడ్డుకి వెళ్లేసరికి బండి బయట నిలబెట్టి ఉంది. మీగడ రంగు, అద్దంలా మెరుస్తోంది. "1970 మోడల్ అండీ. డాక్టరుగారి బండి, సింగిల్ ఓనర్. వానలో కూడా తీయలేదు" అన్నాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంది. బానెట్ మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంది. అడిగితే, "మీరొస్తున్నారని ఇప్పుడే పెట్రోల్ కొట్టించుకొచ్చానండి" అన్నాడు. నమ్మాను. పాత ఇంజిన్ గుణం తెలిసేది పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, చోక్ లాగి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే. ముందే వేడి చేసి ఉంచితే రోగం కనిపించదు. ఇది నాకు తర్వాత ఆటోనగర్‌లో మేస్త్రీ చెప్పాడు.

సీ బుక్, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం, జిరాక్స్ ఒక వైపే ఇచ్చాడు. సంవత్సరం ఉన్నచోట నల్లగా మసకబారి ఉంది, 1970 అని పెన్నుతో దిద్దినట్టు ఉంది. వెనక వైపు ఏదంటే ఒరిజినల్ డాక్టరుగారి అబ్బాయి దగ్గర హైదరాబాదులో ఉంది, వారంలో తెప్పిస్తానన్నాడు. బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, ఫారం 30 సంతకాలతో సహా చేతిలో పెట్టాడు. అవి చూడగానే పని అయిపోయిందనిపించింది. అసలు పుస్తకం చేతిలో లేకుండా ఆ ఫారాలతో ఏ పనీ కాదని అప్పుడు తట్టలేదు.

వారధి దాటి మంగళగిరి వచ్చేసరికి ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకడం మొదలైంది. కాజా టోల్‌గేటు దగ్గర ఆపి, అరగంట చల్లారబెట్టి, నీళ్లు పోసి ఇంటికి చేర్చాను.

మర్నాడు పొద్దున నాన్నకు చూపించాను. ఆయన మాట్లాడలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. వేలి కణుపుతో బానెట్ మీద కొట్టారు, తర్వాత డోరు కింది భాగం మీద, చక్రం పైన వంపు మీద. బానెట్ ఖంగుమంది. డోరు కింద మట్టికుండ మీద కొట్టినట్టు మొద్దుగా పలికింది.

"ఒరే నాన్నా, ఇక్కడ రేకు లేదురా. పుట్టీ."

లోపలికెళ్లి పాత స్పీకరు అయస్కాంతం తెచ్చారు. డోరు పైభాగానికి అంటుకుంది. కింద ఎక్కడ పెట్టినా జారి పడిపోయింది. ఇంజిన్ స్టార్ట్ చేయించి చెవి దగ్గర పెట్టి విన్నారు. డిక్కీ వెనకకు వెళ్లి అక్కడున్న పేరు మీద వేలు పెట్టారు.

"ఎన్నో మోడల్ అన్నాడు?"

"డెబ్భై."

"డెబ్భైలో పద్మిని ఎక్కడిదిరా? అప్పుడు ఫియటే. ఈ పేరు తర్వాత వచ్చింది."

ఆ మాటతో నా కాళ్లల్లో బలం పోయింది. ఎంత తేలికైన విషయం! బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలుపెట్టిన ఈ బండికి మధ్యలో ప్రెసిడెంట్ అని పేరు మారి, 1974లో పద్మిని అయింది. అంటే 1970 పద్మిని అనేదే ఉండదు. బండి వెనకే రాసి ఉంది, నేను చదివి కూడా అడగలేదు. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే, "పేరు తర్వాత బిగించి ఉంటారండీ" అన్నాడు, తడుముకోకుండా.

అసలు సీ బుక్ నలభై రోజులకు చేతికొచ్చింది. 1986 మోడల్. పదిహేనేళ్లకి ఒకసారి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలి కదా, అది 2011తోనే అయిపోయింది. జిరాక్స్‌లో వెనక వైపు ఎందుకు లేదో అప్పుడర్థమైంది. ఛాసిస్ నంబరు సరిపోయింది. ఇంజిన్ నంబరు సరిపోలేదు. ఇంకెక్కడిదో ఇంజిన్ తెచ్చి దింపారు.

పదహారేళ్ల తేడాకి ఇంత గొడవేమిటని మా బావ అడిగాడు. ధరలో తేడా ఒకటి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండ్లకు 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు, మొదటి రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. అలా నమోదైన బండిని రోజువారీ తిప్పకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో రిపేరుకో పెట్రోలుకో తీయాలి. 1970 బండి అయితే ఆ అర్హత ఎప్పుడో వచ్చేది. నాది 2036 దాకా ఆగాలి.

మొదటి వారంలోనే సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. ఆటోనగర్‌లో ఆయిల్ దింపితే జిగురులా చిక్కగా కారింది. పొగ, చప్పుడు కనిపించకుండా అలా చిక్కటి ఆయిల్ పోసి అమ్ముతారట. సిలిండర్లు అరిగి ఇంజిన్ బోరుకొచ్చింది. బోరింగ్ కొట్టించి, పెద్ద సైజు పిస్టన్లు వేయించాను.

అసలు దెబ్బ నేలది. మ్యాట్లు తీసి చూస్తే డ్రైవరు పక్క సీటు కింద రేకు తుప్పు పట్టి ఊడిపోయింది. దాని మీద పల్చటి రేకు ముక్కలు అక్కడక్కడా అతికించి, కింద నుంచి నల్లటి కోటింగు దట్టంగా కొట్టేశారు. టింకరింగ్ మేస్త్రీ స్క్రూడ్రైవరుతో పొడిస్తే అట్టలోకి దిగినట్టు దిగింది. కింద షెడ్డు నేల కనిపించింది. ఈ బండికి లారీలా విడి ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే ఛాసిస్. నేల పోయిందంటే బండి బలం పోయినట్టే. తుప్పు ఏ పాత బండికైనా ఉంటుంది, దాని గురించి నాకు కోపం లేదు. నలభై రోజులు ఆ సీట్లో మా నాన్నను కూర్చోబెట్టి హైవే మీద తిప్పాను. కింద ఏముందో అమ్మినవాడికి తెలుసు. తెలిసీ పంపించాడు. ఇవాళ్టికీ అది తలుచుకుంటే నాకు చెయ్యి వణుకుతుంది.

వెళ్లి అడిగితే "చూసుకునే కొన్నారు కదండీ" అన్నాడు. పోలీసు స్టేషన్‌లో చీటింగ్ అని ఫిర్యాదు రాసిచ్చాను. నా దగ్గరున్న రసీదులో 'పాత కారు ఒకటి' అని మాత్రమే ఉంది, మోడల్ సంవత్సరం లేదు. మాటలన్నీ నోటితోనే జరిగాయి. కేసు ముందుకు కదల్లేదు. చివరికి ఆటోనగర్ పెద్దమనుషుల్లో పెడితే ఇరవై వేలు వెనక్కి ఇప్పించారు, దానితోపాటు ఇంజిన్ కొన్న పాత సామాన్ల కొట్టు బిల్లు కూడా. ఆ డబ్బుకన్నా ఆ బిల్లే నాకు ఎక్కువ ఉపయోగపడింది. ఇంజిన్ దొంగతనం సొత్తు కాదని తేల్చుకుని, మార్పు సీ బుక్‌లో ఎక్కించుకోవడానికి అదే ఆధారం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి నాలుగుసార్లు తిరిగితే ఏడు నెలలకి బండి నా పేరు మీదికి వచ్చింది, 2015లో రెన్యూవల్ అయింది. అప్పటికి బండి మీద పెట్టిన మొత్తం కొన్న ధరను దాటిపోయింది.

ఇక బండి సంగతి. నేల మొత్తం కొత్త రేకుతో కట్టించాక ఈ పదేళ్లలో నన్ను రోడ్డు మీద వదిలేసింది మూడే మూడుసార్లు. 1089 సీసీ ఇంజిన్, నాలుగు గేర్లు. గంటకి అరవై, డెబ్భై మధ్య హాయిగా పోతుంది, ఆపైన తొందరపెట్టను. ఊళ్లో లీటరుకు పదకొండు, హైవే మీద పద్నాలుగు దాకా ఇస్తుంది. వెనక కమాన్లు కాబట్టి గుంతల్లో వెనక కూర్చున్నవాళ్లు ఎగురుతారు, కానీ నలుగురు కూర్చుంటే సర్దుకుంటుంది. స్టీరింగ్ బండి ఆగి ఉన్నప్పుడు బరువు. కదిలితే తేలిక. గేరు చేతికి అలవాటైతే అంత మెత్తగా పడే గేరు కొత్త బండ్లలో నాకు దొరకలేదు.

బ్రేకులకు మాత్రం అలవాటు పడాలి. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, తొక్కిన బలాన్ని పెంచే బూస్టరు లేదు. బెంజి సర్కిల్ దగ్గర ముందు ఆటో హఠాత్తుగా ఆగితే కొత్త కారులా ఆగదు. ఒక బండి దూరం ఎక్కువ వదిలి నడపాలి. 2016 కృష్ణా పుష్కరాలకి అమ్మానాన్నలను ఆ జనంలో తీసుకెళ్లినప్పుడు ఆ రోజంతా నా కుడికాలు బ్రేకు మీదే ఉంది.

బెజవాడ ఎండలు ఈ బండికి అసలు పరీక్ష. పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. రోహిణి కార్తెలో ఆ వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై, పంపు లాగలేక బండి ఆగిపోతుంది. ఆగిన మూడుసార్లలో రెండు ఇవే. తడిగుడ్డ పంపుకి చుట్టి పావుగంట ఆగితే మళ్లీ అందుకుంటుంది. నాన్న ఎప్పుడూ బండిలో ఒక సీసా నీళ్లు, ఒక నూలు తుండు ఉంచుతారు. రేడియేటర్ విప్పి లోపలి పొరలు శుభ్రం చేయించాక ఇంజిన్ వేడెక్కడం తగ్గింది.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక కొత్త తలనొప్పి మొదలైంది. పాత రబ్బరు పైపులు మెత్తబడ్డాయి, పంపులో ఉండే పొర, డయాఫ్రమ్, రెండేళ్లలో రెండుసార్లు మార్చాను. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలల తరబడి కదల్చకుండా ఉంచడం మానేశాను. పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకం వేయించాను.

సామాన్లు దొరుకుతాయా అంటే, చిన్నవి ఆటోనగర్‌లో ఇంకా దొరుకుతున్నాయి. లేనివి ముంబయి నుంచి తెప్పించేవాణ్ణి. అక్కడ ఒకప్పుడు టాక్సీలు చాలావరకు ఇవే కాబట్టి సరుకు ఉండేది. 2023 అక్టోబరు చివర ఆ టాక్సీలు రోడ్డు దిగిపోయాక ధరలు పెరిగాయి, దొరకడం తగ్గింది. రెన్యూవల్ ఖర్చు కూడా పెరిగింది. 2020లో 600 కట్టాను, 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 5,000 చేశారు, 2025 మొదట్లో అంతే కట్టాను.

కిందటేడు మా పెదనాన్న కొడుకు అంబాసిడర్ కొంటానని సరదాపడ్డాడు. బెజవాడలోనే, ఇంకో బ్రోకర్. ఈసారి నాన్నను తీసుకెళ్లాం, ఆయనకి ఎనభై మూడు. రాత్రంతా చల్లారాక తెల్లారి ఆరున్నరకి వస్తామని, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాక, మునిగిన బండ్లు కడిగి రంగేసి అమ్మకానికి వస్తున్నాయని ఆటోనగర్‌లో అప్పటికే అనుకుంటున్నారు. బండి వివరాలు చూపించే సర్కారు యాప్ ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి చూస్తే ఏమీ రాలేదు. చాలా పాత పుస్తకాలు అందులోకి ఎక్కలేదు కాబట్టి దాన్నిబట్టి తేల్చలేం. ఒరిజినల్ పుస్తకం రెండు వైపులా చూపిస్తేనే బయలుదేరతామన్నాం. చూపించారు. పుస్తకం సక్రమంగానే ఉంది.

నాన్న బాడీ మీద తట్టి చూశారు, బాగానే పలికింది. తర్వాత డిక్కీ తెరిపించి స్టెప్నీ బయటికి తీయమన్నారు. బ్రోకర్ "దానికేముందండీ" అని ఆగాడు. తీయించారు. దాని కింద మూలల్లో ఎండిన బూడిదరంగు ఒండ్రు, వేలితో గీస్తే పొడిపొడిగా రాలింది. సీటు కింద పట్టాల్లోనూ అదే. నాన్న ఆ పొడి చేతిలోకి తీసుకుని నాకు చూపించి, దులుపుకుని, "పదండిరా" అన్నారు.