మూడు కాళ్ల కుందేలు: ఒక నాయకత్వ శిక్షణ గురించి

బృందాలను నడిపేవారి కోసం నిర్వహించిన ఒక రెండు రోజుల వర్క్‌షాప్‌కు ఇటీవల హాజరయ్యాను. బిగుసుకుపోయిన ఆలోచనల నుంచి బయటపడి మెరుగైన ప్రత్యామ్నాయాలను వెతకడం ఎలాగన్నది దాని విషయం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవారు రెండు రోజుల్లో మారతారా అన్న అనుమానంతోనే వెళ్లాను. ఆ వాదించేవారిలో నేనూ ఉన్నానని మొదటి గంటలోనే తేలిపోయింది.

శిక్షకురాలు ఉపన్యాసంతో కాక నీళ్ల పాత్రల లెక్కలతో ప్రారంభించారు. 21, 127, 3 కొలతల నీళ్లు పట్టే మూడు పాత్రలతో సరిగ్గా 100 కొలతలు ఎలా తీస్తారన్నది మొదటి ప్రశ్న. పెద్ద పాత్రను నింపి, అందులోంచి 21 కొలతల పాత్రతో ఒకసారి, చిన్నదానితో రెండుసార్లు తీసేస్తే లెక్క సరిపోతుంది. ఇదే పద్ధతిలో తేలే లెక్కలు మరికొన్ని చేయించాక, 23, 49, 3 పాత్రలతో 20 కొలతలు తీయమన్నారు. గదిలో దాదాపు అందరమూ 49లోంచి 23ను, ఆ తర్వాత రెండు మూళ్లను తీసేసి సరైన జవాబే రాశాం. 23లోంచి 3 తీసేస్తే చాలునన్న సంగతి ఎవరికో ఒకరిద్దరికి తప్ప తట్టలేదు. అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో ప్రచురించిన ప్రయోగం ఇది. మా జవాబు తప్పు కాకపోవడమే ఇందులోని అసలు చిక్కు. తప్పయి ఉంటే వెనుదిరిగి చూసుకునేవాళ్లం. పని జరిగిపోయింది కాబట్టి చూడలేదు.

దానికి కొనసాగింపుగా ఆమె చెప్పిన చదరంగం ప్రయోగం ఈ రెండు రోజుల్లోకెల్లా విలువైనదని నా అభిప్రాయం. 2008లో బిలాలిచ్, మెక్‌లియాడ్, గోబే అనే పరిశోధకులు నిపుణులైన ఆటగాళ్ల ముందు ఒక స్థితిని ఉంచారు. అందులో అందరికీ పరిచితమైన గెలుపు మార్గం ఒకటి, అంతకంటే తక్కువ ఎత్తులతో ముగిసే మార్గం మరొకటి ఉన్నాయి. పరిచితమైనది కనిపించాక కూడా ఇంకా మెరుగైనదాని కోసం వెతుకుతున్నామని ఆటగాళ్లు చెప్పారు, నిజాయితీగానే చెప్పారు. కంటి కదలికలను నమోదు చేసిన పరికరం మాత్రం వారి చూపు మొదటి పరిష్కారానికి చెందిన గళ్ల మీదే తిరుగుతున్నట్టు చూపింది. సమావేశాల్లో ‘అన్ని మార్గాలూ పరిశీలించాం’ అని నేను అన్న సందర్భాలు గుర్తొచ్చి కాసేపు ఇబ్బందిగా అనిపించింది.

ఇంత చూపించాక, ‘మనసు తెరిచి ఉంచండి’ అన్న బోధ పనిచేయదని వేరే చెప్పనవసరం లేదు. అయినా మొదటి రోజు మధ్యాహ్నమంతా ఆ బోధతోనే గడిచింది. మనస్తత్వ శాస్త్రవేత్త కారల్ డ్వెక్ ప్రతిపాదించిన స్థిర మనస్తత్వం, వికాస మనస్తత్వం అన్న భావనలను స్లైడ్ తర్వాత స్లైడ్‌గా వల్లించారు. డ్వెక్ పరిశోధన ప్రధానంగా మన సామర్థ్యాలు పెరగగలవా లేదా అన్న నమ్మకానికి సంబంధించింది. ఒక పరిష్కారానికి అతుక్కుపోవడం వేరే జబ్బు. తెలివితేటలు పెంచుకోవచ్చని గట్టిగా నమ్మే మనిషి కూడా 49లోంచి 23ను తీసేస్తూనే ఉండవచ్చు. ఈ రెండింటినీ కలగలపడం వర్క్‌షాప్‌లోని పెద్ద లోపం. కెమెరా ఫిల్మ్ సంస్థ కొడాక్ కథను కూడా మరీ పలుచగా చెప్పారు. స్టీవెన్ సాసన్ 1975లో అదే సంస్థలో డిజిటల్ కెమెరాను తయారుచేయడం, 2012లో సంస్థ దివాలా రక్షణ కోరడం నిజమే కాని, నడుమనున్న 37 ఏళ్లను ‘నాయకుల గుడ్డితనం’ అన్న ఒక్క మాటతో దాటేశారు. లాభాలు తెచ్చే ఫిల్మ్ వ్యాపారాన్ని తన చేతులతో తానే దెబ్బతీసుకోవడం ఎంత కష్టమో చర్చించి ఉంటే ఆ కథ మాకు పనికొచ్చేది.

రెండో రోజు ఈ లోటును చాలావరకు పూడ్చింది. నాయకుడి మనసు మార్చే ప్రయత్నం మానేసి, నిర్ణయం జరిగే ఏర్పాటును మార్చడం మీద దృష్టి పెట్టారు. 1961 ఏప్రిల్‌లో క్యూబాపై అమెరికా చేయించిన బే ఆఫ్ పిగ్స్ దాడి విఫలమయ్యాక, మరుసటి ఏడాది అక్టోబరులో అక్కడ సోవియట్ క్షిపణుల సంక్షోభం వచ్చినప్పుడు అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొన్ని సమావేశాలకు కావాలనే దూరంగా ఉన్నారు. సలహాదారులు బృందాలుగా విడిపోయి, వాదనలను కాగితం మీద పెట్టి, ఒకరివి ఒకరు విమర్శించుకున్నారు. వెంటనే వైమానిక దాడి చేయాలన్న ఆలోచన బలంగా ఉన్నచోట నౌకా దిగ్బంధం అన్న మార్గం నిలిచింది. సలహాదారుల్లో ప్రధానమైనవారు చాలావరకు పాతవారే. చిప్‌ల తయారీ సంస్థ ఇంటెల్ ఉదాహరణ కూడా ఇలాంటిదే. 1985లో మెమరీ చిప్‌ల వ్యాపారం దెబ్బతింటున్నప్పుడు, తమను తొలగించి కొత్త అధిపతిని తెస్తే అతను ఏం చేస్తాడని ఆ సంస్థను నడిపిస్తున్న ఇద్దరిలో ఆండీ గ్రోవ్, రెండోవారైన గోర్డన్ మూర్‌ను అడిగారు. ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటాడని మూర్ జవాబిచ్చారు. ఆ పని చివరికి వాళ్లిద్దరే చేశారు.

అభ్యాసాల్లో నాకు నచ్చింది, మనకు ఇష్టమైన పరిష్కారాన్ని బల్ల మీద నుంచి తీసేసి, అది అసలు సాధ్యమే కాదనుకుని మళ్లీ ఆలోచించడం. నచ్చనిది డెవిల్స్ అడ్వొకేట్ ఆట. చీటీ తీసి ఒకరిని వ్యతిరేకించమన్నారు. వారు మొహమాటంగా రెండు అభ్యంతరాలు చెప్పి కూర్చున్నారు. నిజంగా భిన్నాభిప్రాయం ఉన్న మనిషి రేకెత్తించినంత ఆలోచనను ఇలాంటి నటన రేకెత్తించదని మనస్తత్వ శాస్త్రవేత్త చార్లన్ నెమెత్ పరిశోధనలు సూచించాయి. ఆ సంగతి చెప్పి ఉండవలసింది.

తిరిగి వచ్చాక ఫిర్యాదులకు జవాబులు ఆలస్యమవుతున్న సమస్యపై నాకు నచ్చిన ఆ అభ్యాసాన్ని ప్రయత్నించాను. మరో ఇద్దరిని చేర్చుకోవాలన్నది నా ఆలోచన. దాన్ని నిషేధించి, నేను గది బయటే ఉన్నాను. అరగంట తర్వాత వెళ్లేసరికి, ఎక్కువ ఫిర్యాదులు ఒకే దరఖాస్తులోని అర్థంకాని ఒక వాక్యం వల్లే వస్తున్నాయని బోర్డు మీద రాసి ఉంది. ఆ సంగతి మా బృందంలో అందరికంటే చిన్న ఉద్యోగికి నెలల తరబడి తెలుసట. నేను అడగలేదు, తను చెప్పలేదు.

చిన్నవారు పెద్దవారి ముందు నోరు విప్పడం ఎలాగన్న ఈ ముఖ్యమైన ప్రశ్నను వర్క్‌షాప్ తాకనే లేదు. నాయకులను మాత్రమే పిలిచిన గదిలో దాన్ని తాకడం కుదరదు కూడా. నిర్వాహకులు తర్వాతి విడతలో ఒక్కో నాయకుడితో పాటు అతని కింద పనిచేసే ఇద్దరినైనా రానిస్తే నేను మళ్లీ వెళతాను. ప్రస్తుత రూపంలోనే వెళ్లదలచినవారు మొదటి రోజు ఉదయాన్ని, రెండో రోజంతటినీ వదులుకోవద్దు. మొదటి రోజు మధ్యాహ్నం మీ దగ్గర మిగిలిపోయిన ఈమెయిళ్లకు జవాబులు రాసుకోవచ్చు.